సూర్యకాంతం అనే మాట

తెలుగు ఇళ్లలో ఒక మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. కోడలిని గద్దించే అత్తను చూసినా, వీధి కుళాయి దగ్గర ఇతరుల బిందెను పక్కకు నెట్టే ఇల్లాలిని చూసినా ‘అమ్మో, సూర్యకాంతం!’ అంటారు. ఆపైన వివరణ అక్కరలేదు. విన్నవారు నవ్వుతారు, అనిపించుకున్నవారు చిన్నబుచ్చుకుంటారు. ఆ మాట అనేవారిలో పలువురు ఆ నటి చిత్రాన్ని ఒక్కటైనా ఆసాంతం చూసి ఉండరు. చూడకపోయినా మాట మాత్రం నిలిచింది.

వ్యక్తి పేరు జాతివాచకంగా మారడం భాషలో కొత్త కాదు. కుతంత్రాలు పన్నేవాణ్ని శకుని అంటాం. చాడీలు చెప్పే స్త్రీని మంథర అంటాం. నిద్రమత్తు వదలనివాణ్ని కుంభకర్ణుడు అంటాం. అయితే వీరందరూ ఇతిహాస పాత్రలు. వారి పేర్లను మనం ఏ తీరుగా వాడుకున్నా నిలదీసేందుకు ఎవరూ రారు. సూర్యకాంతం సంగతి వేరు. ఆమె మద్రాసు నగరంలో కాపురముండి, నలుగురికీ వండి పెట్టి, 1994 వరకు మన మధ్య బ్రతికిన మనిషి. ఆమె ధరించిన పాత్రల పేర్లు తిట్లుగా మారలేదు, ఆమె సొంత పేరే మారింది. నేరం పాత్రది, శిక్ష పడింది నటి పేరుకు. తెలుగు చిత్రసీమలో మరెవరికీ ఈ స్థాయిలో ఇటువంటి అన్యాయం జరిగినట్లు నాకు తోచదు. ఎన్నో చిత్రాలలో క్రూరులుగా కనిపించిన రాజనాల పేరు గాని, నాగభూషణం పేరు గాని తిట్టు కాలేదు.

నేను ఉన్నత పాఠశాలలో చదివే రోజుల్లో మా తరగతిలో ఆ పేరు గల బాలిక ఉండేది. నాయనమ్మ పేరు పెట్టారట. హాజరు పిలిచే వేళ ఆ పేరు రాగానే వెనుక వరుసల్లో ఎవరో ఒకరు ఎడమచేయి విసురుగా ఊపేవారు. తరగతి అంతా గొల్లుమనేది. ఆమె మెల్లగా మాట్లాడే పిల్ల, ఎవరితోనూ తగవు పెట్టుకున్నట్లు నాకు జ్ఞాపకం లేదు. ఒకటి రెండుసార్లు నేను కూడా చేయి ఊపాను. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపే సమయంలో ఆమె తండ్రి వచ్చి, ప్రధానోపాధ్యాయునితో మాట్లాడి, పేరు మార్పించాడు. మరునాటి నుంచి హాజరు పట్టికలో మరో పేరు వినిపించింది. నవ్వుకోవడానికి ఉన్న ఆధారం పోయిందని మేము రెండు రోజులు చింతించాము. ఈ వ్యాసం రాయడానికి ఆ జ్ఞాపకం కొంత కారణం.

ఇంతకూ ఆ పేరులో దోషమేమైనా ఉన్నదా? ప్రాచీన కావ్యాలతో పరిచయం ఉన్నవారికి చంద్రకాంత, సూర్యకాంత శిలలు తెలియనివి కావు. వెన్నెల సోకితే చంద్రకాంతం కరిగి నీరవుతుందనీ, సూర్యకిరణం తాకితే సూర్యకాంతం నిప్పు పుట్టిస్తుందనీ కవుల ప్రసిద్ధి. సూర్యకాంతం తనంత తానుగా మండదు, కిరణం తాకినప్పుడే మండుతుంది. అంతటి చక్కని పేరును ఆమె చెడగొట్టారనీ, ఆమె వల్ల ఎవరూ తమ ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకోకుండా పోయారనీ నటుడు గుమ్మడి వెంకటేశ్వరరావు చమత్కరించేవారని చెబుతారు. సాటి నటుని నోట అది పొగడ్తే గనుక తప్పుపట్టనవసరం లేదు. కాని నా అభిప్రాయంలో పేరును చెడగొట్టింది ఆమె కాదు, ప్రేక్షకులమైన మనం. నటనను స్వభావమని భ్రమించాము. ఆ భ్రమను జాగ్రత్తగా మన పిల్లలకు కూడా అప్పగించాము.

సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ సమీపంలోని వెంకటకృష్ణరాయపురంలో జన్మించారు. 2024 నాటికి నూరేళ్లు నిండాయి. ఆటపాటల మీద మక్కువతో మద్రాసు చేరి, జెమినీ సంస్థ నిర్మించిన ‘చంద్రలేఖ’ (1948)లో నర్తకులలో ఒకరుగా పనిచేశారు. కథానాయిక కావాలన్న కోరిక ఆమెకు లేకపోలేదు. అటువంటి అవకాశం చేతిదాకా వచ్చి, కారు ప్రమాదంలో ముఖానికి గాయమైనందువల్ల తప్పిపోయిందని ఆమె జీవితాన్ని గురించి రాసినవారు చెప్పారు. ఆ తరువాత ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన ‘సంసారం’ (1950) ఆమెను గయ్యాళి పాత్రలో నిలబెట్టింది. అప్పటికి ఆమె వయస్సు పాతికేళ్లకు అటూ ఇటూ. ఆ ఈడులో నడివయస్సు అత్త వేషం కట్టడం నేటి తారలు ఊహించను కూడా లేరు. అలా మొదలైన పని నాలుగు దశాబ్దాలకు పైగా ఆగకుండా సాగింది.

ఆమెది ఒకే మూస అని కొందరు విమర్శకుల వాదన. ఎప్పుడు చూసినా అదే కొంగు బిగింపు, అదే ఎడమచేతి విసురు, అదే గొంతు అంటారు. ఈ వాదనను పరీక్షించడానికి 1957వ సంవత్సరం ఒక్కటి చాలు.

ఆ ఏడాది జనవరిలో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం వహించిన ‘తోడికోడళ్లు’ విడుదలైంది. శరత్ బాబు రచించిన ‘నిష్కృతి’ దీనికి మూలం. ఉమ్మడి కుటుంబం, అందులో ముగ్గురు కోడళ్లు. పెద్దకోడలు కన్నాంబ, చిన్నకోడలు సావిత్రి. వారి నడుమ చిచ్చు పెట్టే అనసూయ పాత్ర సూర్యకాంతానిది. ఆమె భర్త రేలంగి. ఇంటి పెద్ద ఎస్.వి. రంగారావు ఆమెకు బావగారి వరుస. బావగారి ఎదుట గొంతు తగ్గించి, ఆయన గడప దాటగానే స్వరం పెంచే ఆ ఇల్లాలు మనకు బాగా తెలిసిన మనిషే. ఏ ఊళ్లో చూసినా కనిపిస్తుంది.

రెండు నెలలు గడిచాయి. మార్చి 27న కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ వచ్చింది. అందులో సూర్యకాంతం హిడింబి, అనగా ఘటోత్కచుని తల్లి. ఘటోత్కచుడెవరు? ఎస్.వి. రంగారావు. ఆయన 1918లో జన్మించారు. తనకంటే ఆరేళ్లు పెద్దవాడు, పర్వతం వంటి ఆకారం గలవాడు, రెండు నెలల క్రితం తెరమీద బావగారు. అటువంటి నటునికి ఆమె తల్లిగా నిలబడాలి. నిలబడ్డారు. ప్రేక్షకులలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అమ్మ మాటకు ఆ మహాకాయుడు తల వంచినప్పుడు ఆ వినయం సహజంగా కనిపించిందంటే, అందులో రంగారావు ప్రతిభ ఎంత ఉన్నదో ఆమె నిబ్బరం కూడా అంతే ఉన్నది. అక్కడ కొంగు బిగించడం లేదు, చేయి విసరడం లేదు. అభిమన్యునితో కలిసి అడవికి వచ్చిన సుభద్రను ఆదరించే గృహిణి గాంభీర్యం మాత్రమే ఉన్నది.

ఇందులో మరొక విశేషం గమనించాలి. హిడింబి భీముని భార్య, సుభద్ర అర్జునుని భార్య. వరుసకు వారిద్దరూ తోడికోడళ్లు. అంటే ఒకే సంవత్సరంలో రెండు నెలల వ్యవధిలో ఈ నటి తోడికోడళ్ల మధ్య నిప్పు రాజేసిన అనసూయగానూ, ఆపదలో ఉన్న తోడికోడలికి నీడ ఇచ్చిన హిడింబిగానూ కనిపించారు. మన వాడుకలో నిలిచింది మొదటిది మాత్రమే. రెండవదాన్ని మనం చూశాము, మెచ్చుకున్నాము, మరచిపోయాము.

ఒకే మూస అనే మాటలో ఇంకొక అన్యాయం కూడా ఉన్నది. పండరీబాయి, హేమలత వంటి నటీమణులు ఎన్నో చిత్రాలలో కన్నీరు తుడుచుకునే సాధుమూర్తులుగా కనిపించారు. వారిని ఒకే మూసలో నటించారని మనం నిందించలేదు. సాత్వికత పదేపదే కనిపిస్తే అది నటి సహజగుణమని గౌరవించాము. కోపం పదేపదే కనిపిస్తే నటికి వేరొకటి చేతకాదన్నాము. రెండింటికీ కొలత ఒక్కటే కావాలి గదా!

ఇక ‘గుండమ్మ కథ’ సంగతి. విజయా సంస్థ నిర్మించగా కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 1962 జూన్ 7న విడుదలైన ఈ చిత్రంలో ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు ఉన్నారు. ఇంతమంది ఉండగా చిత్రానికి పేరు సహాయపాత్ర మీద పెట్టారు. ఈ ‘సహాయ’ అనే విశేషణం పట్ల నాకు మొదటి నుంచీ అభ్యంతరం. ఇల్లు నిలవడానికి దూలం సహాయం చేస్తుందని ఎవరైనా అంటారా? గుండమ్మను తీసివేస్తే ఆ కథలో మిగిలేది ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు, కొన్ని మంచి పాటలు. ఈ కథకు మూలం బి. విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం. తమిళంలో కూడా దీన్ని ‘మనిదన్ మారవిల్లై’ పేరుతో తీశారు. ఆ పేరుకు మనిషి మారలేదని అర్థం. గుండమ్మ పేరు శీర్షికలోకి ఎక్కింది తెలుగులోనే. తరువాతి కాలంలో ఆ చిత్రాన్ని తెలుగులో మళ్లీ తీయాలనే ఆలోచన వచ్చినప్పుడల్లా, కథానాయకులు దొరికినా గుండమ్మ దొరకదనే మాట దగ్గర ఆగిపోయేదని సినీవర్గాలలో చెప్పుకుంటారు.

ఆ చిత్ర నిర్మాణ సమయానికి సంబంధించి ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. గుండమ్మ గయ్యాళితనాన్ని ప్రేక్షకుల మనస్సుకు ఎక్కించే సన్నివేశాలు తగినన్ని లేవని సంభాషణల రచయిత డి.వి. నరసరాజు సందేహించారట. సూర్యకాంతాన్ని పెట్టుకున్నాక వేరే సన్నివేశాలు ఎందుకు, ఆమె తెరమీదకు వస్తే చాలునని నిర్మాత చక్రపాణి కొట్టివేశారట. ఈ ముచ్చటను అందరూ ఆమె గొప్పతనానికి నిదర్శనంగా చెబుతారు. నేను మరోవిధంగా చూస్తాను. 1962 నాటికే ఆమె పేరు ఆమె కంటే ముందు తెరమీదకు వస్తున్నది. నటించకముందే తీర్పు సిద్ధంగా ఉన్నది. ఆ తీర్పును పక్కన పెట్టి ప్రేక్షకుల చేత ఆ స్త్రీని మనిషిగా చూపించడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆ కష్టాన్ని ఆమె ఎట్లా గెలిచారో చూడాలి. గుండమ్మ భర్తను పోగొట్టుకున్న స్త్రీ. సవతికూతురు లక్ష్మిని పనిమనిషిగా చూస్తుంది, సొంత కూతురు సరోజను నెత్తిన పెట్టుకుంటుంది. కథ ప్రకారం ఇది దుర్మార్గం, సందేహం లేదు. అయితే సూర్యకాంతం ముఖంలో దుర్మార్గంతోపాటు భయం కూడా కనిపిస్తుంది. చుట్టూ ఘంటయ్య వంటి జిత్తులమారులు తిరుగుతుంటారు. ఆస్తి ఉన్నది, అండ లేదు. గట్టిగా మాట్లాడకపోతే ఇల్లు చేజారుతుందని ఆమె నమ్మకం. మంచి సంబంధం వచ్చిందని వినగానే కళ్లలో మెరిసే ఆశ, మోసపోయానేమోనని తోచగానే తడబడే గొంతు, మరుక్షణం ఆ తడబాటును కప్పిపుచ్చుకోవడానికి పెంచే స్వరం, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి క్షణాలలో మారిపోతాయి. నా దృష్టిలో సూర్యకాంతం పోషించిన గయ్యాళులలో చాలామంది భయపడే స్త్రీలు. కిరణం తాకితేనే మండే రాయి అని పైన చెప్పినది ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

చిత్రం చివరి భాగంలో ఛాయాదేవి పోషించిన దుర్గ ఆ ఇంట్లో అడుగుపెట్టి గుండమ్మను అగచాట్ల పాలు చేస్తుంది. ఇద్దరు గయ్యాళులను ఒకే ఇంట్లో పెట్టి చూపించడం వల్ల మనకు ఒక మేలు జరిగింది. ఛాయాదేవి కోపం చల్లనిది, అది కత్తి అంచువంటిది. సూర్యకాంతం కోపం వేడిది, పాలపొంగు వంటిది. పొంగినంత సేపు పొయ్యి ఆర్పివేసేటట్లు ఉంటుంది, తరువాత అడుగంటుతుంది. అందువల్లనే గుండమ్మ బాధపడుతుంటే ప్రేక్షకులకు కసి తీరిన సంతోషం కలగదు, జాలి కలుగుతుంది. తాను కష్టపెట్టిన లక్ష్మి తనను ఆదుకోవడానికి వచ్చినప్పుడు గుండమ్మ ముఖం చూడలేక చూసే చూపులో, అంతకు ముందు రెండు గంటలు తిట్టిన తిట్లన్నీ వెనక్కు తీసుకున్నట్లు అనిపిస్తుంది.

ఈ సందర్భంలో భాషకు సంబంధించిన ఒక ప్రశ్న అడగకుండా ఉండలేను. ‘గయ్యాళి’ అనే పదానికి పుంలింగం ఏది? గయ్యాళి మగవాడు అని మనం అనము. ఇంట్లో అందరినీ గడగడలాడించే పురుషుణ్ని ముక్కోపి అంటాం, చండశాసనుడు అంటాం. ఆ మాటల్లో కొంత భయము, కొంత గౌరవము కూడా ఉన్నాయి. స్త్రీ అదే పని చేస్తే గయ్యాళి. ఆనాటి కుటుంబ కథాచిత్రాలు పెక్కింటిలో కలహానికి మూలం ఆడదాని నోరే. ఆస్తి తగాదాలు, కట్నకానుకలు, నోరు మెదపని భర్త, ఇవన్నీ నేపథ్యంలోకి జరిగిపోతాయి. నోరు అదుపులోకి రాగానే కాపురం చక్కబడుతుంది.

ఆ కాలాన్ని కూడా గమనించాలి. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి హిందూ స్త్రీకి తన ఆస్తిమీద సంపూర్ణ హక్కు ఇచ్చింది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే, ఆస్తిని చేత పట్టుకొని పెత్తనం చేసే స్త్రీని చూసి మనం తెరముందు కూర్చుని నవ్వుకున్నాము. అది కుట్ర అని నేను అనను. రచయితలకు ఆ ఉద్దేశం ఉన్నదని కూడా అనుకోను. కాని నవ్వులో మన అలవాట్లు బయటపడతాయి. గుండమ్మ ఇంట్లో పనివాడి వేషంలో చేరిన అంజి పాత్రధారి రామారావే కాలక్రమంలో ముఖ్యమంత్రి అయ్యారు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన వాటా ఇచ్చే 1986 నాటి చట్టసవరణ ఆయన ప్రభుత్వ హయాములోనే వచ్చింది. చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇటువంటి చమత్కారాలు చేస్తుంది.

అట్లని సూర్యకాంతం చేసిన ప్రతి పాత్రనూ నేను సమర్థించడం లేదు. 1970 దశకం నుంచి వచ్చిన చిత్రాలు కొన్నింటిలో ఆమెను కేవలం చప్పుడు కోసం వాడుకున్నారు. పాత్రకు ముందూ వెనుకా ఉండదు. రావాలి, నాలుగు తిట్లు తిట్టాలి, అల్లు రామలింగయ్య బెదరాలి, జనం నవ్వాలి. పెద్ద నటిని అటువంటి చిల్లర పనికి వాడుకోవడం మన చిత్రసీమకు అలవాటు. అటువంటి సన్నివేశాలలో కూడా ఆమె మాట స్పష్టత చెడలేదు. ఎంత వేగంగా తిట్టినా ఒక్క అక్షరం మింగబడదు. గోదావరి సీమ యాస, సామెత ఆ మాటల్లో సహజంగా ఒదిగిపోతాయి. తిట్టుకు కూడా లయ ఉంటుందని వినాలంటే ఆ సంభాషణలు వినాలి. ఆమెది ఎడమచేతివాటం. మాట విసురుకు తోడుగా ఆ చేయి లేచినప్పుడు చూసేవారికి కొత్తగా ఉండేది. మా తరగతిలో మేము అనుకరించినది ఆ చేతినే.

తెరవెనుక సూర్యకాంతం గురించి ఆమెతో పనిచేసినవారందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. చిత్రీకరణకు వచ్చేటప్పుడు ఇంటినుంచి రకరకాల వంటకాలు చేసి తెచ్చి, తోటి నటీనటులకు, పనివారికి కూడా కొసరి కొసరి వడ్డించేవారట. తెరమీద కోడలికి పట్టెడన్నం పెట్టని అత్త, తెరవెనుక ఎంగిలి చేయి ఆరనిచ్చేవారు కాదన్నమాట. ఇటువంటి ముచ్చట్లను పత్రికలు ఎంతో ఆశ్చర్యంతో ప్రకటించేవి. ఆశ్చర్యమెందుకో నాకు అర్థం కాదు. తెరమీద కత్తి దూసిన కథానాయకుడు ఇంటి దగ్గర శాంతంగా ఉంటే మనం ఆశ్చర్యపడుతున్నామా?

ఆమె నటించిన చిత్రాలలో ‘అత్తా ఒకింటి కోడలే’ (1958) ఒకటి. ఆ శీర్షిక మన సామెతే. అత్త ఒకనాడు కోడలుగా పడిన పాట్లనే తన కోడలికి అప్పగిస్తుందని అందరికీ తెలుసు. ఎనభై ఏళ్లు దాటిన మా అమ్మమ్మ ఆ చిత్రాల గురించి మాట్లాడినప్పుడు సావిత్రి కష్టాల కంటే సూర్యకాంతం సంగతే ఎక్కువ చెప్పేది. ‘ఆవిడ తిట్టినప్పుడు మా అత్తగారిని ఎవరో తిట్టినట్టు ఉండేది’ అని ఒకసారి అన్నది. అత్త పాత్రను చూస్తూ అత్తగారిని తిట్టినట్లు అనిపించడమేమిటని అడిగితే జవాబు చెప్పక నవ్వింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ జవాబు నాకు లీలగా అందుతున్నది. ఇంట్లో ఎన్నడూ గొంతెత్తని స్త్రీలు పట్టణంలోని సినిమా హాలుకు బళ్లు కట్టుకొని వెళ్లి, తమ తరఫున గొంతెత్తిన ఒక స్త్రీని చూసి వచ్చారు. ఆమె చెడ్డదని అందరితోపాటు తామూ అన్నారు. కాని ఆమెను చూడడానికే మళ్లీ వెళ్లారు.

నేటి విద్యార్థులకు సూర్యకాంతం పరిచయమయ్యేది వెండితెర మీద కాదు, ఇంట్లో టీవీ తెర మీద. పాత చిత్రాలు అక్కడే వస్తాయి. వాటి పక్కనే ధారావాహికలు కూడా వస్తాయి. ధారావాహికలలో కుట్రలు చేసే అత్తలకు, ఆడపడుచులకు కొదవ లేదు. వారు పట్టుచీరలు కట్టి, నగలు దిగవేసుకొని, పాలలో మందు కలుపుతారు. వారు కనుబొమ ఎత్తినప్పుడల్లా ముఖాన్ని మూడు దిక్కులనుంచి మూడుసార్లు చూపించి, వెనుక ఉరుములు వినిపిస్తారు. సూర్యకాంతానికి ఆ హంగులేవీ లేవు. ఒక నేతచీర, ఒక ఎడమచేయి, ఒక గొంతు. అంతకంటే ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. గుండమ్మ మూడు గంటలలోపు మారాలి, మారినట్లు మనం నమ్మాలి. ధారావాహికలోని అత్త మారితే కథ ఆగిపోతుంది గనుక వందల భాగాలు గడిచినా ఆమెకు మారే అనుమతి లేదు. మనిషిలో మార్పును చూపే అవకాశమే లేనప్పుడు ఆ నటీమణుల ప్రతిభను తప్పుపట్టి ఏం లాభం? వారిలో మంచి నటులు ఉన్నారు. వారికి దొరకనిది హిడింబి వంటి రెండవ వేషం.

కొన్ని సంవత్సరాల క్రితం మా కళాశాల వసతిగృహంలో ఒక ఆదివారం నాడు టీవీలో ‘మాయాబజార్’ వచ్చింది. ఆనాడు పర్యవేక్షణ బాధ్యత నాది కావడంతో నేను కూడా వెనుక కుర్చీలో కూర్చున్నాను. ముందు చాపల మీద పాతిక మంది విద్యార్థినులు ఉన్నారు. ఘటోత్కచుని రాకకు అందరూ చప్పట్లు కొట్టారు. కొంతసేపటికి హిడింబి తెరమీద కనిపించింది. ఇంకా నోరు విప్పలేదు, ఒక్క అడుగైనా వేయలేదు. ‘సూర్యకాంతమే!’ అని ఎవరో అన్నారు. అంతే, నవ్వు మొదలైంది. ఒక అమ్మాయి ఎడమచేయి కూడా ఊపింది.

హిడింబి సుభద్రను ఆప్యాయంగా పలకరించింది. నవ్వినవారు తిట్టు ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నారు. అది రాలేదు. దృశ్యం మారిపోయిన తరువాత, చేయి ఊపిన అమ్మాయి పక్కనున్న స్నేహితురాలి వైపు తిరిగి, ‘ఈవిడ ఆవిడేనా?’ అని అడిగింది.